ఊదా పూల కుప్ప

పువ్వులకి అర్థాలుంటాయని కత్తెరక్క అరవై రెండేళ్లు వచ్చేదాకా ఒప్పుకోలేదు, వచ్చాక అసలే ఒప్పుకోలేదు. మెడలో కెమెరా వేలాడేసుకుని మార్కెట్టులో తిరిగే బాపతు మనుషులు ఆమె బల్ల ముందు ఆగి, ఒక గులాబీ ఎత్తి పట్టుకుని, "ఈ ఎరుపుకి అర్థం ఏంటమ్మా?" అని అడిగేవారు. "నిన్న సాయంత్రం బండిలో వచ్చిందని అర్థం. ఇవాళ తెల్లారి వచ్చినవి అటు పక్కనున్నాయి, అవి తీసుకో," అనేది. పసుపు తిరిగిన లిల్లీ దేనికి గుర్తు అని ఒకావిడ అడిగింది. బకెట్లో నీళ్లు మార్చలేదనడానికి గుర్తు అని చెప్పి, కాడ చివర ఏటవాలుగా కత్తిరించి ఆవిడ చేతిలో పెట్టింది.

కత్తెరక్క అన్న పేరు మార్కెట్టు పెట్టింది. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఇంకో కత్తెర. చేతిలోది రోజూ సాన పట్టాలి, నోట్లోదానికి ఆ అవసరం లేదు. భర్త పూలబండి తోలేవాడు, నోట్లో నాలుక లేని మనిషి, ఇద్దరికీ కలిపి ఆమె నోరే సరిపోయేది. ఆయన పోయాక ఆ బండి కొడుకు తోలుతున్నాడు. మనిషీ అంతే, వాళ్ల నాన్న పోలికే. ఇంట్లో మాట్లాడే మనిషి కావాలని ఏరికోరి తెచ్చుకున్న కోడలు మాత్రం అత్తగారికి తీసిపోదు.

కత్తెరక్క బల్ల వీధి మొదట్లో, తూకపు తరాజులు బాగుచేసే కొట్టుకి ఎదురుగా ఉంటుంది. అంతకుముందు అక్కడ ఆమె తల్లి కూర్చునేది. బల్ల లేదు అప్పట్లో, నేల మీద నాలుగు బుట్టలు. మార్కెట్టు మొత్తం ఆవిడని పెద్దక్క అనేది. ఆ వీధిలో పన్నెండు నుంచి రెండు దాకా ఎండ నిట్టనిలువునా దిగుతుంది. బళ్లు తిరగాలి కాబట్టి పందిరి వెయ్యనివ్వరు. మిగతావాళ్లు ఆ రెండు గంటలూ బుట్టలు మోసుకెళ్లి వెనకాల నడవలో పెట్టుకునేవారు. పెద్దక్కకి మొయ్యడానికి మనిషి లేడు. ఆవిడ అమ్మేది తెల్ల చామంతి. తెల్లదానికి కాస్త ఎండ తగిలితే చాలు, రేకుల అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి, ఇక దాని మొహం ఎవడూ చూడడు. అందుకని ఆవిడ ఒక పని చేసేది. మూతపడిన నాటకశాలవాళ్లు అమ్మేసిన ఊదా రంగు తెర ముక్క ఒకటి ఆవిడ దగ్గరుండేది, దుప్పటంత మందం. దాన్ని కుళాయి కింద తడిపి, వీపు మీదనుంచి తల మీదికి కప్పుకుని, నాలుగు బుట్టలూ దగ్గరికి లాక్కుని, కోడి పిల్లల్ని పొదువుకున్నట్టు వాటి మీదికి వంగేది. రెండు గంటలు అలాగే. బేరానికి వచ్చినవాళ్లు ఆ తెరతో మాట్లాడాల్సిందే.

కూతురు ఆ తెర కిందే ఉండేది. ఏడేళ్ల పిల్ల, ఊదా రంగు చీకట్లో కూర్చుని చామంతి కాడలకి అడుగాకులు దూసేది. ఆకు నీళ్లలో మునిగితే బకెట్టంతా కుళ్లుతుందని అప్పుడే నేర్చుకుంది. బడికెళ్లి నేర్చుకున్నవి మర్చిపోయింది గానీ ఇది మర్చిపోలేదు.

ఆ ఏడే తరాజుల కొట్టు మేడ మీదికి ఒక చిత్రకారుడు దిగాడు. వరండాలో బొమ్మ ఆనించే కర్రల చట్రం నిలబెట్టుకుని మూడు నెలలు వీధిని గీశాడు. ఆ మూడు నెలల్లో ఒక్క పువ్వు కొన్న పాపాన పోలేదు. పైగా పైనుంచి చెయ్యి ఊపుతూ కదలొద్దు, కదలొద్దు అని అరుపులు. పెద్దక్క ఒకసారి తెరలోంచి తల బయటికి పెట్టి, "ముందు ఎండని కదలొద్దని చెప్పు బాబూ, తర్వాత మేమూ కదలం," అంది. అతనికి వినపడిందో లేదో తెలీదు. వినపడినా పెద్ద లెక్కచేసే రకం కాదు.

పెద్దక్క ఆ తర్వాత మూడేళ్లకి పోయింది. ఏదో జ్వరం, నాలుగు రోజులు. కూతుర్ని పిన్ని పెంచింది, అవే బుట్టల వెనకాల. పెద్దక్కకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో, మార్కెట్టు లైసెన్సు కార్డు మీది వేలెడంత బొమ్మ. పూలమ్మేవాళ్ల ఇంట్లో పొడిగా ఉండేదంటూ ఏముంటుంది? బకెట్టు పక్కన పెట్టిన కార్డు ఒక వానాకాలం నానిపోయి, ఫోటో తెల్లకాగితమై ఊడొచ్చింది. పదిహేనేళ్లొచ్చేసరికి కత్తెరక్కకి తల్లి ముఖం మసకబారింది. ముప్పై వచ్చేసరికి ముక్కు ఒకటి, గడ్డం ఒకటి విడివిడిగా గుర్తుకొచ్చేవి, కలిపితే ఎవరి ముఖమో అయ్యేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కన్నతల్లి ముఖం మర్చిపోయానని ఏ నోటితో చెప్పుకుంటుంది?

కోడలికి మ్యూజియంలో ఉద్యోగం వచ్చింది. గది కాపలా. మూల కుర్చీలో కూర్చుని, బొమ్మల మీద ఎవరూ చెయ్యి వెయ్యకుండా చూడాలి. వచ్చిన మొదటి వారమే చెప్పింది.

"అత్తయ్యా, మా గదిలో మీ మార్కెట్టు బొమ్మ ఉంది. గోడ సగం అదే. చాలా పేరున్నదట."

"రోజూ చూసేదాన్ని చూడ్డానికి మళ్లీ మ్యూజియం దాకా ఎందుకమ్మాయ్. మార్కెట్టుని చూడాలనుంటే తెల్లవారుజామున నాతో రా, బకెట్లు కూడా మోద్దువు."

ఆ మాట మీద ఏడాది గడిచింది. చివరికి మార్కెట్టు కాలవలకి మరమ్మతులని వారం మూసేస్తే, ఇంట్లో కూర్చుని అందర్నీ దులపడం తప్ప పని లేకపోయింది. ఆ దులుపుడు పడలేక కోడలే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

బొమ్మ దగ్గరికి వెళ్లి చూస్తే ఏముంది, ముద్దలు. రంగు ముద్దలు, గీకుళ్లు, ఎవరో రంగులు కలిపిన పళ్లెం కడగకుండా గోడకి వేలాడదీసినట్టు ఉంది.

"దీనికా కాపలా?" అంది కత్తెరక్క. "ఎత్తుకెళ్లేవాడికి ఎదురు జీతమివ్వాలి."

"ఇంప్రెషనిస్టు పద్ధతి అత్తయ్యా. దగ్గరికెళ్తే ఏమీ ఉండదు. వెనక్కి నడవండి."

వెనక్కి నడిచింది. నడిచి నడిచి అవతలి గోడకున్న బెంచీ కాలికి తగిలితే అక్కడ కూలబడింది. అప్పుడు ముద్దలన్నీ సర్దుకున్నాయి. కుళాయి కుళాయి అయింది. తరాజుల కొట్టు మెట్లు మెట్లయ్యాయి. నిట్టనిలువు ఎండ, తెల్లటి చామంతి బుట్టలు, వాటి మీద వంగి ఊదా రంగులో ఒక వీపు. తడిసిన చోట నలుపు తిరిగిన ఊదా, భుజం దగ్గర ఎండ తగిలి మెరిసిన ఊదా. బ్రష్షు పట్టుకుని పదిసార్లు అద్ది ఉంటాడు, అంతే. కానీ ఆ వంపు ఎవరిదో కత్తెరక్కకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎడమ భుజం కుడిదానికంటే దిగి ఉంది. నీళ్ల బకెట్టు ఎప్పుడూ ఆ చేత్తోనే మోసేది.

తెర అంచున, కింద, పసుపు చుక్క ఒకటి. అది చూసి కత్తెరక్క నవ్వింది, వెంటనే ఏడ్చింది కూడా. ఏడేళ్లప్పుడు ఒకరోజు పొద్దున్నే ఆమె రబ్బరు చెప్పు ఒకటి కాలవ జాలీలోంచి జారిపోయింది. కొత్తవి, పసుపువి. అమ్మ వీపు మీద ఒకటిచ్చి, రెండోది కూడా పారెయ్యమంది. పిల్ల మొండికేసి ఒంటి చెప్పు వేసుకునే తిరిగింది. కొత్త చెప్పు అందరికీ కనపడాలని కాలు బయటికి పెట్టి మరీ కూర్చుంది. అదిగో, ఆ కాలు అక్కడే ఉంది.

"అమ్మాయ్, ఆ ఊదా రంగుది మా అమ్మ," అంది.

కోడలు బొమ్మకేసి చూసింది, అత్తగారికేసి చూసింది, పక్కన బొమ్మ వివరం రాసిన పలకకేసి చూసి గొంతు తగ్గించింది. "అవి పూలత్తయ్యా. వారం వారం ప్రొఫెసరు గారు చెప్తారు, నాకు కంఠతా వచ్చేసింది. ముందుభాగంలోని ఊదా పూల కుప్ప మరణానికీ ఎడబాటుకీ సంకేతం. దాని అంచున రాలిన ఒంటరి పసుపు పువ్వు, దుఃఖం నడుమ చిగురించే ఆశ."

"ఆశా? అది నా చెప్పు."

ఈ ప్రొఫెసరు గారి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఆయన ముప్పై ఏళ్లుగా ఈ ఒక్క బొమ్మ మీద బతుకుతున్నాడు. ఊదా పూల మీద మూడొందల పేజీల పుస్తకం రాశాడు, అందులో పసుపు పువ్వుకే నలభై పేజీలు. ఎవరో దేశంకాని దేశం నుంచి దుశ్శాలువా లాంటిదొకటి పంపారని దాన్ని ఉపన్యాసాలకి వేసుకొస్తాడు. జేబులో భూతద్దం. బొమ్మకి జానెడు దూరంలో నిలబడి ఒక్కొక్క ముద్దనీ దానితో చూస్తాడు, వెనకున్న బెంచీ మీద మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూర్చోలేదు. బెంచీలు జనానికి కదా. ఆయన నేల వంక కూడా చూడడు, ఉపన్యాసంలో కళ్లెప్పుడూ పైకప్పు మీదే. బొమ్మలో మార్కెట్టు మ్యూజియంకి పావుగంట నడక. ఆయన ఒక్కసారి అక్కడ అడుగుపెట్టి ఉంటే, ఆ వీధిలో ఊదా పువ్వులు ఏనాడూ అమ్మలేదని బకెట్లు కడిగే ముసలమ్మ కూడా చెప్పేది. కానీ పువ్వుల మీద అంత పెద్ద పుస్తకం రాసిన మనిషి పూలమ్మేవాళ్లని అడిగితే నామోషీ కాదూ.

ఆ వారం ఉపన్యాసం అయిపోయాక కత్తెరక్క ఆయనకి ఎదురెళ్లి నిలబడింది. కోడలు మూల కుర్చీలో కూర్చుని వేళ్లు విరుచుకుంటోంది.

"బాబూ, మీరు పూలనుకుంటున్నది మా అమ్మ. ఎండ పడకుండా బుట్టల మీదికి వంగింది. మీద నాటకాలాడే తెర కప్పుకుంది. పక్కనున్నది నా చెప్పు."

ప్రొఫెసరు చాలా మెత్తగా నవ్వాడు. అలాంటి నవ్వు కంటే తిట్టు నయం. "మీ భావన చాలా అందంగా ఉందమ్మా. బొమ్మ గొప్పదైతే ఎవరికి కావలసింది వాళ్లకి కనిపిస్తుంది."

"కనిపించడం కాదు. నేను ఆ తెర కిందే ఉన్నా."

"చూడండమ్మా, ఆ ఏడాది చిత్రకారుణ్ణి ఆయన ప్రేయసి వదిలి వెళ్లిపోయింది. ఆ వియోగమే ఈ ఊదా రంగు. ఆయన ఉత్తరాలున్నాయి, నేను చదివాను."

"వెళ్లిపోతే వెళ్లిపోయింది. దానికి మా అమ్మ నడుమెందుకు విరగాలి?"

"ఆ కాలంలో ఊదా పువ్వు అంటే వియోగం అని అర్థం," అన్నాడాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"ఏ పువ్వండీ అది? పేరు చెప్పండి. చామంతా, గులాబీయా, ఏంటది?"

ఆయన కప్పు వంక చూసి, "ప్రత్యేకంగా ఫలానా అని కాదు. పువ్వు అన్న భావం," అని భూతద్దం జేబులో పడేసుకుని వెళ్లిపోయాడు. మూడొందల పేజీలు రాసిన మనిషికి అది ఏ పువ్వో తెలీదు. కత్తెరక్క యాభై ఐదేళ్లుగా ఎంతోమంది చెవిలో పువ్వులు పెట్టేవాళ్లని చూసింది గానీ, పేరు లేని పువ్వు పెట్టేవాణ్ణి చూడ్డం అదే మొదలు.

ఇంటికొస్తుంటే కోడలు దారి పొడుగునా సముదాయించింది. "పోనీలెండి అత్తయ్యా. మనకి తెలిస్తే చాలదా?"

"చాలదు. నాకు అమ్మ ముఖం గుర్తు లేదే," అంది కత్తెరక్క. అన్నాక తనే ఉలిక్కిపడింది, ఆ మాట జన్మలో పైకి అంటానని అనుకోలేదు. "ఫోటో లేదు. ముఖం లేదు. ఆ వీపు ఒక్కటే మిగిలింది. అది కూడా పూల కుప్ప అని రాసేస్తే, నేను పోయాక కాదని చెప్పేవాళ్లు ఎవరున్నారు? అమ్మ అసలు పుట్టనట్టే కదా."

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని నడిచింది.

రెండు నెలల తర్వాత మ్యూజియం మేనేజరు మార్కెట్టుకి వచ్చింది. ఎత్తు మడమల చెప్పులతో తడి రాళ్ల మీద అడుగులో అడుగేసుకుంటూ, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. పూల వీధిలో ముక్కు మూసుకునే మనిషి పూలబొమ్మకి పండగ చేస్తోంది. బొమ్మ మ్యూజియానికి వచ్చి పాతికేళ్లయిందట. సభ పెట్టి, ఇప్పుడున్న అట్ట పలక తీసేసి ఇత్తడి పలక బిగిస్తారట. ప్రొఫెసరు గారి వాక్యాలే అందులో పోతపోస్తారట. బడిపిల్లల పుస్తకంలోనూ అవే మాటలు పాఠంగా వేస్తారట.

"బొమ్మ ముందు నేల మీద అచ్చం అలాంటి పూల కుప్పే పెట్టాలని ప్రొఫెసరు గారి ఆలోచన. ఊదా పూలు. ఒక పసుపు పువ్వు. మీ కోడలు మీ పేరు చెప్పింది," అంది మేనేజరు.

కత్తెరక్క కోడలి తెలివిని లోపల మెచ్చుకుంది. పైకి మాత్రం, "అచ్చం అలాంటిదేనా?" అని అడిగింది.

"అచ్చం అలాంటిదే."

"తేడా ఉండదు లెండి," అంది.

ఇంటికెళ్లి మంచం కిందనుంచి రేకు పెట్టె లాగింది. అడుగున, బుట్టల కింద మెత్తగా ఉండాలని వేసి వేసి చిరుగులు పట్టిన అమ్మ తెర ముక్క. రంగు వెలిసి బూడిదలా ఉంది. కుళాయి కింద పెడితే నీళ్లు తగిలిన చోటల్లా పాత ఊదా లేచొచ్చింది. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అత్తయ్యా, నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగానికేమీ కాదు. వాళ్లు అడిగింది వాళ్లకిస్తున్నా. ఏం, అచ్చం అలాంటిదే కావాలనలేదూ?"

మర్నాడు చెప్పుల కొట్టుకెళ్లి పసుపు రబ్బరు చెప్పులు కావాలంది. పెద్దవాళ్ల కొలతలో ఆ రంగు లేదన్నాడు కొట్టువాడు. వెతకమని అక్కడే బైఠాయించింది. వాడు అటకంతా దులిపి ఒక జత తీసేదాకా లేవలేదు.

సభ రోజున పొద్దున పదింటికే కొడుకు బండిలో నాలుగు బుట్టల తెల్ల చామంతి దిగింది. మేనేజరు పైన అతిథుల కాఫీల హడావుడిలో ఉంది. గదిలో కోడలు తప్ప ఎవరూ లేరు. కత్తెరక్క బొమ్మ ముందు బుట్టలు దగ్గరికి లాక్కుంది, తడిపి తెచ్చిన తెర వీపు మీదనుంచి తల మీదికి లాక్కుంది, వంగింది. ఒక పసుపు చెప్పు కాలు బయటికి పెట్టింది.

వంగాక గానీ అమ్మ పడ్డ పాట్లు తెలిసిరాలేదు. పావుగంటకే నడుము పట్టేసింది. తడి మెడ మీదనుంచి కారి చెవుల్లోకి వచ్చింది. అమ్మకి అప్పుడు ముప్పై కూడా నిండలేదని లెక్క తట్టింది. తన కోడలికంటే చిన్న పిల్ల, రోజుకి రెండు గంటలు, ఇలాగ. కత్తెరక్కకి ఒళ్లు మండిపోయింది. మేడ మీద నీడన నిలబడి కదలొద్దని అరిచినవాడి మీద మండింది. ఆ మనిషినే చూస్తూ దుఃఖం, వియోగం అని కోతలు కోసేవాడి మీద ఇంకా మండింది. చామంతి వాసన మాత్రం అప్పటిదే.

తలుపులు తెరుచుకున్నాయి. అడుగుల చప్పుళ్లు, దగ్గులు, సెంటు వాసన. ప్రొఫెసరు గారు దుశ్శాలువా సర్దుకుంటూ వచ్చి, చేతిలో సన్నటి కర్రతో బొమ్మ ముందు నిలబడ్డాడు. నేల వంక ఒక్క చూపు, అదీ అద్దాల పైనుంచి.

"మ్యూజియం వారు నా కోరిక చక్కగా తీర్చారు," అని మొదలుపెట్టాడు. "బొమ్మలో ఉన్నదే మన కళ్ల ముందు నిలబెట్టారు. చూడండి ఈ ఊదా పూలు. ఎంత నిశ్చలంగా ఉన్నాయో చూడండి. ప్రాణం లేని ఈ నిశ్చలతే మరణం. వీటిలో మనిషి జాడ ఉండదు, అదే చిత్రకారుడి గొప్పతనం. మనిషిని తీసేసి మనిషి దుఃఖాన్ని మాత్రం మిగిల్చాడు."

మేనేజరు ముందు వరసలో తల ఊపుతోంది. వెనకున్నవాళ్లు రాసుకుంటున్నారు. వెనక బెంచీ దగ్గర నిలబడ్డ ఇద్దరు ముగ్గురు మాత్రం బొమ్మకేసీ నేలకేసీ మార్చి మార్చి చూస్తూ గుసగుసలాడుకుంటున్నారు. వాళ్లకి దూరం ఉంది కదా.

"ఇక ఇదిగో, ఈ పసుపు పువ్వు," అన్నాడు ప్రొఫెసరు, గొంతు గద్గదం చేసుకుని. "ఆశ. మృత్యువు అంచున రాలినా వాడని ఆశ." అని కర్ర చివరతో ఆ పసుపు మీద మెల్లగా పొడిచాడు.

ఆశ చటుక్కున కాలు ముడుచుకుంది.

ప్రొఫెసరు గారు రెండడుగులు వెనక్కి గెంతాడు. కర్ర చేతిలోంచి జారి నేల మీద దొర్లింది.

"కర్రతో పొడవకండి బాబూ, అక్కడ ఆనెకాయ ఉంది," అంది ఊదా పూల కుప్ప.

తెర కిందనుంచి మెల్లగా, నడుము మీద చెయ్యి వేసుకుని, కత్తెరక్క లేచింది. లేస్తుంటే తెర భుజాల మీదికి జారింది. మొహం ఎర్రబారి ఉంది, జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. ఎవరి వంకా చూడకుండా నేరుగా ఆయన వంకే చూసింది.

"జానెడు దూరంలో ఉన్న మనిషిని పూలు అన్నారే. నేను ఊపిరి పీలుస్తున్నానండీ, వినపడలేదా? ఇంత దగ్గర నన్నే పోల్చుకోలేనివాళ్లు, యాభై ఐదేళ్ల కింద వంగిన మా అమ్మని ఏం పోలుస్తారు?"

ఆయన భూతద్దం కోసం జేబు తడుముకున్నాడు.

"ఇవిగో, ఇవీ పూలు. తెల్ల చామంతి," అని బుట్ట చూపించింది. "వీటికి ఎండ తగిలితే అమ్ముడుపోవు. అందుకని వంగింది. దుఃఖం లేదు, వియోగం లేదు. సాయంత్రం నాకు కూడు పెట్టాలి, అదొక్కటే. అందరూ ఒకసారి వెనక్కి నడిచి, ఆ బెంచీ దగ్గరనుంచి చూడండి."

అతిథులు బడిపిల్లల్లా వెనక్కి నడిచారు. కత్తెరక్క మళ్లీ తెర కప్పుకుని వంగింది. ఎడమ భుజం కాస్త దించింది. గోడ మీద ఒక వీపు, నేల మీద ఒక వీపు. పైన ఒక పసుపు చుక్క, కింద ఒక పసుపు చెప్పు. ఇత్తడి పలక మీద కప్పిన గుడ్డ తాడు మేనేజరు చేతిలోనే ఉంది. ఆవిడ దాన్ని లాగలేదు, మెల్లగా మేకుకి చుట్టేసింది. కోడలు మూల కుర్చీలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలీలేదు.

ప్రొఫెసరు గారు కుమిలిపోయి ఉంటాడని మీరనుకుంటే ఆ జాతి మీకు తెలియనట్టే. వారం తిరక్కుండా, ఆ కుప్పలో మనిషి ఉందన్న అనుమానం తనకి మొదటినుంచీ ఉందని పత్రికలో రాశాడు. వంగిన స్త్రీమూర్తి భూమికి సంకేతమట, తెలుపు పాలకి సంకేతమట, చెప్పు ప్రయాణానికి సంకేతమట. కొత్త పలక మీదికి అవే వాక్యాలు పంపించాడు. కోడలు వాటిని కాగితం మీద రాసుకొచ్చి చదివి వినిపించింది. కత్తెరక్క లిల్లీ కాడలు కత్తిరిస్తూ చివరిదాకా విన్నది.

"మీ మేనేజరమ్మకి చెప్పు. ఆ పలక మీద సంకేతం అన్న మాట కనిపించిందంటే, ఈసారి నేనొక్కదాన్ని రాను. మార్కెట్టు మొత్తం బుట్టలతో వచ్చి ఆ గదిలో కూర్చుంటాం. ఆయన కర్రతో ఎంతమందిని పొడుస్తాడో చూద్దాం."

కొత్త పలక మీద రెండే వాక్యాలు వచ్చాయి. పూలకు నీడ పడుతున్న పూలమ్మే మనిషి, మార్కెట్టులో అందరూ పెద్దక్క అనేవారు. తెర కింద ఆమె కూతురు.

పలక బిగించిన వారమే, మార్కెట్టు సెలవు రోజున, కత్తెరక్క వెళ్లింది. దగ్గరికి పోయి వేలితో అక్షరాలు తడుముతూ కూడబలుక్కుని చదువుకుంది, కోడలు చూడనట్టు మొహం తిప్పుకుంది. తర్వాత వెనక్కి నడిచి బెంచీ మీద కూర్చుంది. గదిలోకి ఒక తల్లీ, చంకలో పిల్లా వచ్చారు. పలక చదివి, "అదిగో చూడు, అమ్మ," అని పిల్లకి చూపించి వెళ్లిపోయారు. గెలిచిన మనిషి నవ్వాలి. కత్తెరక్క నవ్వలేదు. బొమ్మకేసే చూస్తూ కూర్చుంది. కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంకేంటి అత్తయ్యా. అందరికీ తెలిసింది కదా."

"అందరికీ తెలిసింది," అంది కత్తెరక్క. గొంతులో కత్తెర లేదు. "నాకే తెలీలేదు. యాభై ఐదేళ్లనుంచి వంగే ఉంది. ఎండ ఎప్పుడో పోయింది, పూలు ఎప్పుడో అమ్ముడుపోయాయి." గోడకేసి కాస్త ముందుకి వంగింది. "ఇక చాలు గానీ అమ్మా, ఒక్కసారి నడుమెత్తి ఇటు చూడవే."